మాంతోన్ గదిలో ఒకటే అర

ఆగస్టు 16, బుధవారం
ఉదయం 7.10. నిర్ణయం తీసుకున్నాను! ఈ చలికాలం లిల్‌లో ఉండను. మాంతోన్ వెళ్ళిపోతున్నాను. దేశానికి దక్షిణపు కొస, సముద్రం పక్కన, ఎండ పుష్కలం.

నిన్న డాక్టర్ దెరాం నా వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. నా వయసులో సగం లేడు. "వానూత్ గారూ, మీ ఇంటి గోడల చెమ్మ మీ ఊపిరితిత్తుల్లోకి కాపురానికి వచ్చేసింది. ఇంకో చలికాలం అక్కడే ఉంటే మార్చిలో మిమ్మల్ని ఆస్పత్రిలో చూస్తాను. లేదా అసలు చూడను" అన్నాడు.

వాక్యం బాగుంది. ముప్ఫై నాలుగేళ్ళు పత్రికలో ప్రూఫులు దిద్దాను. మంచి వాక్యం శత్రువు నోట వచ్చినా ఒప్పుకుంటాను.

7.40. పరిస్థితి: పెన్షన్ నెలకి 1,190 యూరోలు. మాంతోన్‌లో ధనవంతుల కుక్కలు నాకన్నా బాగా తింటాయి. అయినా పేపర్లో ఒక ప్రకటన పట్టాను. ఒంటి గది, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, దక్షిణపు కిటికీ, అద్దె 560. చేరాలంటే ముందుగా 1,700 కట్టాలి. గడువు సెప్టెంబర్ 15. నా దగ్గరున్నది 280.

8.15. ఇంటావిడ ఒరెంగో గారికి ఫోన్ చేశాను. మనిషిది గరుకు గొంతు, మంచి మనసు.
"మంచం ఉంది, బల్ల ఉంది, కుర్చీ ఉంది. గోడకి అర ఒకటి, తొంభై సెంటీమీటర్లు. ఇంకేమీ పట్టదు నాయనా. పోయినసారి ఒకాయన పియానో తెచ్చాడు. మెట్ల దగ్గరే కూర్చుని ఏడ్చాడు."
"నాకు పియానో లేదండి."
"మరేముంది?"
"పుస్తకాలు. కొద్దిగా."
కొద్దిగా అంటే పంతొమ్మిది వందలు.

8.30. మార్గం దొరికింది! పుస్తకాలు గదిలో పట్టవు. గదికి డబ్బు కావాలి. పుస్తకాలు అమ్మితే రెండు చిక్కులూ ఒకేసారి తీరతాయి. సెప్టెంబర్ 2, 3 తేదీల్లో బ్రాదరీ. ఊరు ఊరంతా పాత సామాను గుమ్మం ముందు పరిచి అమ్ముకునే రెండు రోజులు. నా గుమ్మం నాకుంది. పుస్తకం ఒక యూరో వేసుకున్నా 1,900. రైలు టికెట్ పోను ఒక టోపీ కూడా వస్తుంది!

ఇంత తేలికని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు 17, గురువారం
నియమాలు:
1. ఇరవై ఎనిమిది పుస్తకాలే నాతో వస్తాయి (తొంభై సెంటీమీటర్లు, టేపు పెట్టి కొలిచాను).
2. పెట్టెలో వేసేటప్పుడు ఏ పుస్తకమూ తెరవకూడదు.
3. కొనేవాళ్ళ ముఖం చూడకూడదు. డబ్బు మాత్రమే చూడాలి.
4. రెజీస్ గురించి ఆలోచించకూడదు.

రెజీస్ నా పాత సహోద్యోగి. ఆఫీసులో ఎదురు బల్ల, తొంభై ఒకటి నుంచి సెక్షన్ పెద్ద. ఆరేళ్ళ కిందట భార్య ఆస్తితో మాంతోన్‌లో ఇల్లు కొన్నాడు. ఆవిడ పోయింది, ఇల్లు మిగిలింది. "నీ పెన్షన్‌కి ఇక్కడ బెంచీ దొరుకుతుందిరా, అదీ ఆదివారాలు కాకుండా" అని ప్రతి కొత్త సంవత్సరానికీ కార్డు రాస్తాడు.

నాలుగో నియమం రాస్తూనే తప్పాను. రేపటి నుంచి లెక్క.

సాయంత్రం 6.00. 212 పుస్తకాలు పెట్టెల్లో! పెట్టెలు పక్కింటి ఒదీల్ ఇచ్చింది. నలభై ఏళ్ళు నూలు మిల్లులో చేసిన మనిషి. నా పెట్టెల్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.
"పుస్తకాలు అమ్ముతారా? మీరా? మా చెల్లెలికి ఒకటి అరువిచ్చి మూడు రోజుల్లో మూడుసార్లు తలుపు కొట్టిన పెద్దమనిషి మీరే కదా?"
"అప్పుడు నేను ఆరోగ్యంగా ఉన్నాను ఒదీల్ గారూ."
"రోగంతో పాటు బుద్ధి కూడా వచ్చిందన్నమాట. మంచిదే."
ఆమె మాటలకి విలువ ఇవ్వను. పెట్టెలకి ఇస్తాను.

ఆగస్టు 19, శనివారం
మధ్యాహ్నం 2.20. చిన్న అవాంతరం. ఒక నవల చేతిలోంచి జారి తెరుచుకుంది. తెరిచింది నేను కాదు, కనుక రెండో నియమం చెక్కుచెదరలేదు. అరవై ఒకటో పేజీలో కథానాయిక రాత్రి తొమ్మిదింటికి బయలుదేరి అదే రాత్రి ఎనిమిదింటికి చేరుతోంది. నలభై ఏళ్ళుగా ఆ పిల్ల అలా వెనక్కి ప్రయాణం చేస్తోంది, నా ఇంట్లో, నా అరలో!

తప్పున్న సరుకుని గడప దాటించడం మా వృత్తిలో లేదు. పెన్సిల్ తీశాను. ఈ ఒక్కటే.

రాత్రి భోజనం వేళకి: పదకొండు తప్పులు. ఆ రచయితకి అప్పట్లో బహుమతి కూడా ఇచ్చారు. ఇచ్చినవాళ్ళెవరో నాకు తెలుసు.

ఆగస్టు 22, మంగళవారం
రెండో నియమానికి సవరణ: అనుమానం ఉన్న పుస్తకాలు తెరవవచ్చు.

సాయంత్రం. అన్నింటి మీదా అనుమానం ఉంది.

మార్జిన్లలో నా పాత రాతలు కనిపిస్తున్నాయి. డెబ్బై రెండో సంవత్సరం నుంచీ ఉన్నాయి. "ఈయన గుర్రాన్ని దూరం నుంచి కూడా చూడలేదు." "ఈ పేరా రాసేటప్పుడు భోజనం టైమైనట్టుంది." "రెజీస్‌కి ఈ పుస్తకం నచ్చిందట. ఇక చదవనక్కర్లేదు." యవ్వనంలో నా చెయ్యి ఎంత చురుగ్గా ఉండేదో!

లెక్క: మూడు రోజుల్లో సరిచూసినవి అయిదు. ఈ చొప్పున పంతొమ్మిది వందలకి మూడేళ్ళ పైచిలుకు. డాక్టర్ ఇచ్చిన గడువు మార్చి. ఎక్కడో ఒక చోట తొందరపడాలి.

ఆగస్టు 26, శనివారం
పెట్టెల్లోంచి కొన్నిటిని వెనక్కి తీశాను. అమ్మడం మానేసి కాదు. ఇరవై ఎనిమిదిలో ఏవి ఉండాలో న్యాయంగా పోటీ పెట్టడానికి. ప్రస్తుతం ఇరవై ఎనిమిదిలో నూట నలభై ఉన్నాయి.

11.00. ఒరెంగో గారికి ఫోన్.
"మంచం కింద ఎత్తెంతండి?"
"పన్నెండు సెంటీమీటర్లు."
"పడుకోబెడితే పట్టొచ్చు."
"ఎవర్ని నాయనా? గది ఒక్కరికే."
"పుస్తకాల్ని."
"పియానో ఆయన కూడా ఇలాగే మొదలుపెట్టాడు" అంది.

ఆగస్టు 30, బుధవారం
ఉదయం 9.30. రెజీస్ ఫోన్. బ్రాదరీకి వస్తున్నాడట! వెయ్యికి పైచిలుకు కిలోమీటర్లు, కేవలం బ్రాదరీలో ఊరంతా తినే ఆల్చిప్పల కోసం అనుకున్నాను.
"నువ్వు పుస్తకాలమ్ముతున్నావని విన్నానురా. టికెట్ కొనేశాను. ఈ వింత చూడకుండా చస్తే నా ఆత్మ శాంతించదు."
"ఎవరు చెప్పారు?"
"ఒరెంగో. మా వీధే కదా. 'మంచం కింద కొలతలడిగే ముసలాయన మీకు తెలుసా' అంది. ఎవరో క్షణంలో తెలిసింది."
వాడి వీధిలోనా ఆ గది! అంత పొడుగు సముద్రతీరం ఉంది, నాకు దొరికిన ఒక్క కిటికీ వాడి గుమ్మం మీదికి.

అయినా ఎండ ఎండే. వాడు ఆపలేడు.

సెప్టెంబర్ 2, శనివారం. బ్రాదరీ!
6.00. రెండు బల్లలు గుమ్మం ముందు వేశాను. పక్కన ఒదీల్ కాఫీ కెటిల్స్, ఒక కుట్టుమిషను, ముక్కు విరిగిన సెయింటు బొమ్మ.

8.20. మొదటి బేరం. మెళ్ళో పట్టు గుడ్డ చుట్టుకున్నవాడు. "ఎర్ర అట్టల పుస్తకాలు రెండు మీటర్లు కావాలి, సోఫా వెనక్కి." మూడో నియమం గుర్తు తెచ్చుకుని కళ్ళు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నియమాల్లో లేదు. వాడు వెళ్ళిపోయాడు.

9.05. ఒకావిడకి బీరువా కాలు కింద పెట్టడానికి లావుపాటిది కావాలట. నేను ఊపిరి తీసుకునేలోపల ఒదీల్ రెండు యూరోలకి ఒకటి ఇచ్చేసింది.
"అది ఈ శతాబ్దపు గొప్ప చరిత్ర గ్రంథం!"
"బీరువా కూడా గొప్పదేనంట లెండి. ఇదిగో డబ్బు."

10.45. అమ్మినవి: 6. వెళ్ళగొట్టిన వాళ్ళు: 19.

11.30. అద్భుతం! ఒకావిడ పుస్తకం తెరిచి మార్జిన్ చదివి కిసుక్కున నవ్వింది. మొగుణ్ణి పిలిచింది. వాడు ఇంకో నలుగుర్ని పిలిచాడు. "ఇది ఎవరు రాశారు? మీరేనా? ఇంకా ఉన్నాయా?" ముప్ఫై నాలుగేళ్ళు ఇతరుల వాక్యాలు దిద్దాను, ఒక్క పాఠకుడు నా మొహం చూడలేదు. ఇవాళ వీధిలో నా వాక్యాలకి వరస కట్టారు.

ఒదీల్ కుర్చీ ఎక్కింది. "రండి బాబూ రండి! తిట్లున్నవి నాలుగు యూరోలు, తిట్లు లేనివి ఒకటి!"

3.00. తిట్లున్నవి అయిపోతున్నాయి. బల్ల వెనక కూర్చుని ఖాళీ మార్జిన్లలో కొత్తవి రాస్తున్నాను. గంటకి పద్నాలుగు పుస్తకాలు. ఇందులో మోసం లేదు. ఎప్పుడో రాయాల్సినవే.

సాయంత్రం 7.00. మొత్తం 1,105! కావలసింది 1,420. రేపు మధ్యాహ్నానికి గది నాది. వీధి చివర హోటళ్ళ ముందు తిని పడేసిన ఆల్చిప్పల గుట్టలు మోకాలెత్తు లేచాయి. ఒదీల్‌కి ఒక ప్లేటు ఆల్చిప్పలూ బంగాళాదుంప వేపుళ్ళూ తినిపించాను. మాంతోన్‌కి ఉత్తరాలు రాస్తానన్నాను.
"రాయండి. నాలుగు యూరోలకి అమ్ముకుంటాను" అంది.

సెప్టెంబర్ 3, ఆదివారం
10.00. ఇంకో 160. దగ్గు కూడా రాలేదు ఇవాళ.

10.40. రెజీస్ వచ్చాడు. ఇటిక రంగు మొహం, గడ్డి టోపీ, తెల్ల బూట్లు. డెబ్బై అయిదేళ్ళు, నడక మాత్రం పెళ్ళికొడుకుది.
"ఏరా అషీల్, ఎముకలకి కోటు తొడిగినట్టున్నావు."
"నువ్వు ఎండలో మరిచిపోయిన టమాటాలా ఉన్నావు."
జనం నవ్వారు. బేరానికి మంచిదే అనుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

వాడు ఒక నవల తీశాడు. తెరిచాడు. గట్టిగా చదివాడు, ప్రూఫులు చదివే గొంతుతో:
"'జనవరిలో చెట్టున పండిన నిమ్మకాయలా! ఈ గాడిద ఎండ తగిలే ఊరు ఎప్పుడైనా చూశాడా?' కింద తారీఖు, ఎనభై ఏడు."
జనం మళ్ళీ నవ్వారు. వాడు నవ్వలేదు. పుస్తకం మూసి, చాలా మెల్లిగా అన్నాడు:
"మాంతోన్‌లో నిమ్మకాయలు పండేది చలికాలంలోనేరా. జనవరిలో మా పెరడంతా పసుపే. ఇంతకీ నువ్వు మాంతోన్ ఎప్పుడైనా చూశావా?"
నేను చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
ఒదీల్ కెటిల్ కింద పెట్టింది. "చూడలేదా? ఎప్పుడూ? మరి అక్కడికి పోతానని మా ప్రాణం తీస్తున్నారేంటండీ?"

11.15. ముప్ఫై ఆరేళ్ళుగా ఒక నిర్దోషిని గాడిద అంటున్నాను. సంతకంతో. ఒక్క రాత తప్పైతే మిగతావి? నిన్నటి నుంచి నా గడప దాటినవి నాలుగు వందలు. నాలుగు వందల ఇళ్ళలో సోఫాల మీద కూర్చుని జనం నా తప్పులు చదువుతున్నారు! పైగా నిన్న మధ్యాహ్నం రాసినవి చూసుకోకుండా రాశాను. ఎలా రాశాను?

11.30. బయలుదేరాను.

సాయంత్రం 6.00. బ్రాదరీ ముగిసింది. వీధులన్నీ తిరిగాను. హోటళ్ళలో ఆల్చిప్పలు తింటున్న వాళ్ళ పక్కన కుర్చీల మీద నా పుస్తకాల్ని గుర్తుపట్టాను.
"దయచేసి వెనక్కి ఇస్తారా? అందులో తప్పు ఉండొచ్చు."
"నాలుగుకి కొన్నాం తాతగారూ. పదికి ఇస్తాం."
"అయిదు."
"ఇంత ఆత్రంగా అడుగుతున్నారంటే విలువైనదే అయ్యుంటుంది. పన్నెండు."
బేరమాడటానికి ఊపిరి చాలలేదు. ఇచ్చాను.

వెనక్కి వచ్చినవి 118. ఖర్చు 944. దారిలో ఒక బల్ల మీద నలభై సంపుటాల విజ్ఞాన సర్వస్వం అనాథలా పడి ఉంది. 230. సరిచూసుకోవడానికి కావాలి కదా! రెజీస్ తోపుడుబండి పట్టుకుని ఇంటిదాకా తెచ్చిపెట్టాడు. దారంతా ఒక్క మాట అనలేదు. అదింకా అవమానం.

అమ్మకాల డబ్బులో మిగిలింది 91.

సెప్టెంబర్ 8, శుక్రవారం
పని సాగుతోంది. 118లో 70 సరిచూశాను. తప్పు తిట్లు 26. తిమింగలం విషయంలో ఒక రచయిత్రికి క్షమాపణ రాయాలి, ఆమె పోయి తొంభై ఏళ్ళయింది.

డబ్బు సంగతి: ఇంకా వారం ఉంది. వారం అంటే ఏడు రోజులు. నింపాదిగా ఆలోచిద్దాం. అసలు ఈ సెప్టెంబర్ బాగానే ఉంది, ఇక్కడా ఎండ కాస్తోంది. నిన్న నలభై నిమిషాలు కాసింది.

సెప్టెంబర్ 12, మంగళవారం
విజ్ఞాన సర్వస్వంలో కూడా తప్పులున్నాయి.

సెప్టెంబర్ 15, శుక్రవారం
11.50. ఒరెంగో గారికి ఫోన్ చేశాను. ఒక నెల గడువు అడుగుదామని.
"అయ్యో నాయనా, పదకొండింటికి ఒకాయన కట్టేశాడు. పుస్తకాలు లేవు ఆయనకి. ఒక్క చేపల తొట్టి."
"చేపలు ఎన్ని?"
"మూడు."
మూడు చేపలకి దక్షిణపు కిటికీ దొరికింది.

మధ్యాహ్నం. మంచిదే అయింది. మూడు అంతస్తులు, లిఫ్టు లేదు. మోకాళ్ళు ఒప్పుకునేవి కావు. ఇదంతా ఎండ మీద వ్యామోహం. గొప్ప పుస్తకాలన్నీ వానపడే ఊళ్ళలోనే రాశారు. దీనికి రుజువు చూడాలి.

సెప్టెంబర్ 24, ఆదివారం
వాన. దగ్గు, మెట్టుకి ఒకటి చొప్పున. వంటింటి గోడ మీద చెమ్మ మరక చెయ్యెత్తు పెరిగింది. పైకి వెళ్ళేటప్పుడు మధ్యలో కూర్చోవాల్సి వచ్చింది.

ఒదీల్ చారు తెచ్చింది. గోడ చూసింది, నన్ను చూసింది. హేళన చేస్తుందని ఎదురుచూశాను. చెయ్యలేదు. చారు పెట్టి వెళ్ళిపోయింది.

భయం వేసింది.

సెప్టెంబర్ 29, శుక్రవారం
రెజీస్ ఉత్తరం. మొత్తం ఎక్కిస్తున్నాను:

"ఒరేయ్ అషీల్, మా వెనక గది ఖాళీ. దక్షిణపు కిటికీ. నెలకి 250, నీకు నా దయ అక్కర్లేదని తెలుసు గనక. రెండు గోడలకీ అరలు కొట్టించాను, పుస్తకాలన్నీ తెచ్చుకో. ఇక్కడ ఎండకి లోటు లేదు, పోట్లాడటానికే మనిషి లేడు. ఏమన్నా 'అవునండీ' అంటారు. ఆరేళ్ళుగా ఒక్కడు నన్ను వెధవా అనలేదు. అక్టోబర్ ఏడు శనివారంలోగా ఫోన్‌లో, నీ నోటితో, 'సరే' అను. ఉత్తరం రాస్తే ఒప్పుకోను, నీ ఉత్తరాలు నాకు తెలుసు. అనకపోతే మా వదిన పక్షుల పంజరాలతో దిగుతుంది. రెజీస్."

అయిదుసార్లు చదివాను. ఒక్క తప్పూ లేదు. కుళ్ళు పుట్టింది.

అక్టోబర్ 2, సోమవారం
జవాబు రాశాను, నాలుగు పేజీలు. పోస్టు చెయ్యమని ఒదీల్‌కి ఇచ్చాను. కవరు బరువు చూసింది.
"ఏమని రాశారు?"
"వద్దని."
"'వద్దు'కి ఇంత బరువా? ఆయన ఉత్తరం వద్దన్నాడు కదా?"
"మీకెలా తెలుసు?"
"మీరు అయిదుసార్లు చదివారు. గట్టిగా. గోడ పల్చన." కవరు నాలుగు ముక్కలు చేసి తన ఏప్రన్ జేబులో వేసుకుంది. "రేపు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి."

అక్టోబర్ 3, మంగళవారం
దెరాం గొట్టం పెట్టి విన్నాడు. ఈసారి వాక్యం ఏమీ చెప్పలేదు. చీటీ మీద రాస్తూ, "మార్చి అన్నాను కదండీ. కాదు. క్రిస్మస్" అన్నాడు.

అక్టోబర్ 4, బుధవారం
ఉదయం 8.00. కొత్త నిర్ణయం! ఈసారి నియమాల పట్టిక లేదు. ఒకటే నియమం. ఫోన్ చెయ్యాలి, "సరే" అనాలి, పెట్టేయాలి. రెండక్షరాలు. ముప్ఫై నాలుగేళ్ళు లక్షల అక్షరాలు మోసినవాడికి రెండు ఒక లెక్కా!

9.00. చేశాను. "అలో" అన్నాడు. అంత గట్టిగా ఎందుకు అరుస్తావన్నాను. "నీకు చెవుడు కదరా" అన్నాడు. పెట్టేశాను.

9.10. అద్దం ముందు సాధన. "సరే. సరే. సరే."
గోడ అవతల నుంచి ఒదీల్: "బాగా వచ్చింది! ఇక అద్దానికి కాదు, ఆయనకి చెప్పండి!"

9.25. మళ్ళీ చేశాను. ఊపిరి పీల్చుకున్నాను. నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది:
"తొంభై ఒకటిలో ప్రూఫుల సెక్షన్ పెద్ద కుర్చీ నాది కావాల్సింది."
అవతల ఎక్కడో మోటారు సైకిల్ పోయింది. తర్వాత అన్నాడు:
"అవునురా. నీదే. నాకు అప్పుడే తెలుసు."

ముప్ఫై రెండేళ్ళు ఈ వాదనకి సిద్ధం చేసుకున్న జవాబులు అరవై దాకా ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు. ఫోన్ పెట్టేశాను. ఇలా ఒప్పుకునే మనిషితో ఒక ఇంట్లో ఎలా ఉండటం?

9.40. ఫోన్ మోగుతోంది. వాడే.
ఒదీల్ గోడ మీద చెప్పుతో కొడుతోంది. "ఎత్తండీ! మహానుభావా, ఎత్తండీ!"

9.42. ఎత్తలేదు. శనివారం దాకా గడువుంది. రేపు ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి "సరే" అంటాను. రేపటి నిర్ణయాన్ని ఇవాళే పాడుచేసుకోవడం నాకిష్టం లేదు.